లేఖకుడి మండపం

ఉంగుటూరు నుంచి భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల వెళ్లే దారి మనవాళ్లకు కొత్తది కాదు. మొక్కులున్నవాళ్లూ, కొత్తగా పెళ్లయినవాళ్లూ, చంటిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లూ ఏడాది పొడుగునా ఆ దారిన వెళ్లివస్తూనే ఉంటారు. భీమడోలు దాకా ఎడమచేతివైపు వరిచేలు కొల్లేటికేసి పల్లంగా దిగిపోతుంటాయి. అక్కడ కుడివైపు మలుపు తిరిగితే కాసేపట్లోనే నల్లమట్టి ఎర్రమట్టవుతుంది. వరి వెనకబడి జీడిమామిడి, పామాయిలు తోటలు ఎదురొస్తాయి. ద్వారకా తిరుమలలో చినవెంకన్న దర్శనం కాగానే చాలామంది బండి వెనక్కి తిప్పేస్తారు. తిప్పకుండా ఇంకాస్త ముందుకెళ్లి కామవరపుకోట దాటితే జీలకర్రగూడెం వస్తుంది. ఊరి పక్కన కొండ. గుంటుపల్లి గుహలు ఆ కొండమీదే.

క్రీస్తుకు పూర్వమే, అంటే 2000 ఏళ్లకు పైమాటగా, ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం. కొండను తొలిచి వాళ్లుండటానికి గదులు చేశారు. ఇటుకతో ఒక చైత్యగృహం కట్టారు. పోయిన పెద్దల పేరుమీదా, మొక్కుల పేరుమీదా చిన్నా పెద్దా స్తూపాలు వరసగా లేపారు. మెట్ల వరసను దానం చేసినట్టు ఒక రాతిమీద రాసి ఉంది. మెట్లు కట్టించి పుణ్యం మూటగట్టుకోవడం మన గుళ్ల దగ్గర ఇవాళ్టికీ ఉంది. మనుషులు మారారు గానీ మొక్కులు మారలేదు.

వీటన్నిటిలోకీ మనసు పట్టి ఆపే గుండ్రటి గుహ ఒకటుంది. గుహ అనగానే మెదిలే చీకటి బొరియ కాదిది. లోపలికి అడుగుపెట్టి తల ఎత్తి చూడాలి. గుండ్రటి గది, నడుమ స్తూపం, దాని చుట్టూ మనిషి తిరిగేంత దారి. పైన గొడుగులా వంగిన కప్పు. ఆ కప్పుకు వాసాలు. వాసాలను పట్టి ఉంచుతున్నట్టు అడ్డంగా బద్దలు. అన్నీ రాతివే. ఒక్క వాసమూ పిసరంత బరువైనా మోయడం లేదు. కొండే కప్పయిన చోట వాసాలతో పనేముంది?

పనుంది. ఆ ఉలి పట్టిన చేతికి ఇల్లంటే చుట్టిల్లే. మన కోస్తా పల్లెల్లో నిన్నమొన్నటిదాకా చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, నడుమ నిట్రాట, దాని మీంచి చుట్టూ దిగే వాసాలు, ఆపైన తాటాకు. గాలివానకు మూలలున్న ఇల్లు ఎగిరిపోయినా చుట్టిల్లు నిలుస్తుందని పెద్దలనేవారు. గుంటుపల్లి శిల్పి ఆ ఇంటినే రాతిలో పెట్టాడు. నిట్రాట ఉండవలసిన చోట స్తూపాన్ని నిలబెట్టాడు. ఇలాంటి రాతి గుడిసెలు బీహారులో బరాబర్ కొండల్లోనూ ఉన్నాయి. అవి అశోకుడి కాలపువి. గుంటుపల్లి స్తూపాన్ని తరవాతి రోజుల్లో ఊరివాళ్లు ధర్మలింగమని కొలిచారు. గుడిసె గుహ అయింది, స్తూపం లింగమయింది. ఎవరూ దేన్నీ పారేయలేదు, పేరు మార్చి పెట్టుకున్నారు.

సరే, ఇంత ఆరామం ఉందే, ఇందులో పుస్తకాల గది ఏది? విహారమంటే చదువు కదా, చదువంటే గ్రంథాలు కదా! కొండంతా తిరిగినా ఇది గ్రంథాలయమని చూపించే గది కనబడదు. అలమర లేదు, గూడు లేదు. ఎందుకంటే ఈ గుహలు తొలిచిన రోజుల్లో బుద్ధుడి మాటలు ఆకుల మీద కంటే నాలుకల మీదే ఎక్కువగా ఉండేవి. ఆ మాటలను కూర్చిన త్రిపిటకాన్ని సింహళంలో అలువిహారంలో తొలిసారి రాతలో పెట్టింది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో అని బౌద్ధులు చెబుతారు. అప్పటిదాకా వల్లె వేయడమే. ఆ తరవాత నాలుగైదు వందల ఏళ్లకు చైనా నుంచి ఫాహియాన్ వినయపిటకం ప్రతి కోసం వెతుక్కుంటూ వస్తే, ఉత్తరాదిలో గురువు చెప్పడం శిష్యుడు నేర్చుకోవడమే తప్ప రాసిన ప్రతి చేతికి దొరకలేదు. చివరికి పాటలీపుత్రంలో దొరికింది.

కాబట్టి గుంటుపల్లిలో గ్రంథాలయం లేకపోలేదు. అది మనుషుల్లో ఉండేది. త్రిపిటకంలోని దీఘనికాయం వల్లించేవాళ్లను దీఘభాణకులన్నారు, మజ్ఝిమనికాయం వల్లించేవాళ్లను మజ్ఝిమభాణకులన్నారు. ఒక్కో భిక్షువు ఒక్కో అర అన్నమాట. నాగార్జునకొండ శాసనాల్లో ఈ రెండు నికాయాలూ చెప్పే ఆచార్యుల ప్రస్తావన ఉంది. అమరావతి శాసనాల్లో వినయధరులున్నారు. నియమాల గ్రంథాన్ని బుర్రలో ధరించినవాళ్లని ఆ మాటకు అర్థం. ఇలాంటి గ్రంథాలయానికి చెదల భయం లేదు, నిప్పు భయం లేదు. ఉన్న భయమల్లా ముసలితనం, కరువు, జ్వరం. సింహళంలో ఒకప్పుడు మహానిద్దేసమనే పాఠం ఒకే ఒక్క భిక్షువుకు వచ్చేదట. అతని నడవడి మంచిది కాదు. అయినా పాఠం అతనితో పోకూడదని పెద్దలు పట్టుబట్టి, ఇష్టం లేకపోయినా ఒక భిక్షువును పంపి నేర్పించారట. మనిషి చెడ్డవాడైనా అతనిలో ఉన్న పుస్తకం చెడ్డది కాదు గదా!

వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకచోట ఉండాలన్నది నియమం. కొల్లేరు పొంగి, దారులు మునిగి, ఎటూ కదలలేని రోజులు. మెట్టమీద గుహలో పొడిగా కూర్చుని అరలన్నీ ఒకదానికొకటి వినిపించుకునే రోజులు కూడా అవే అయ్యుంటాయి.

ఆమధ్య మేం వెళ్లినప్పుడు ఒక బడి పిల్లలు వచ్చారు. గుండ్రటి గుహలోకి రాగానే ఒక కుర్రాడు తన పేరు తానే గట్టిగా పిలుచుకున్నాడు. మాస్టారు కసిరారు. అందరూ మెదలకుండా ఉన్నప్పుడు, వెనక నుంచి ఒక పిల్ల ఏం తోచిందో పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. పదమూడు ఒకట్ల పదమూడు. గుహ ఆ గొంతును పట్టుకుని గుండ్రంగా తిప్పి మళ్లీ ఆ పిల్లకే ఇచ్చింది. నాలుగో మెట్టు దగ్గర మిగతావాళ్లూ కలిశారు. పదమూడు ఏళ్లు దగ్గర ఎవరో తప్పారు, నలుగురు దిద్దారు. ఆ రాతి వాసాల కింద 2000 ఏళ్ల కిందట జరిగింది కూడా సరిగ్గా ఇదే. ఒకరు అనడం, పదిమంది అందుకోవడం, తప్పితే దిద్దడం. పుస్తకాలు పెట్టడానికి కాదు, గొంతులు కలవడానికి కట్టిన గ్రంథాలయం అది.

అదే కొండమీద ఒక మండపం ఉండేది. ఇప్పుడు మిగిలినవి స్తంభాలూ అడుగు రాళ్లూ. ఆ స్తంభాల మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఒక చిన్న శాసనం ఉంది. కళింగ మహిషకాలకు అధిపతి, మహామేఘవాహన వంశపు మహారాజు సిరిసదుడి దగ్గర లేఖకుడైన చూళగోముడి దానం ఈ మండపం అని దాని సారాంశం. మొదట చదివినవాళ్లు అందులో ఖారవేలుడి పేరు చూశారు, తరవాత పండితులు దిద్దారు. రాజు ఎవరన్నది చరిత్రకారులకు ముఖ్యం. మనకు ముఖ్యమైనవాడు రెండోవాడు. లేఖకుడు. రాజుగారి మాటను రాతలో పెట్టి పొట్టపోసుకునే ఉద్యోగి. నేటి మాటలో గుమస్తా అనుకోండి.

పొద్దస్తమానం రాసేవాడు రాత అక్కర్లేని భిక్షువులకు మండపం కట్టించాడు. ఇది చిత్రంగా అనిపించవచ్చు. కానీ రాసేవాడికే తెలుస్తుంది, రాసింది చదివేవాడు లేకపోతే రాత ఎంత దిక్కులేనిదో. నలుగురు కూర్చుని వినేచోటు ఒకటుండాలి. ఎండకు ఎండకుండా, వానకు తడవకుండా కూర్చునేచోటు. ఆయన ఇచ్చింది అదే.

ఆ లేఖకుడి చేతిలో ఉండే సరుకు ఏదో చెప్పలేం గానీ, మన దేశంలో రాతకు తాటాకే ఎక్కువకాలం చాకిరీ చేసింది. లేతాకును కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకు కత్తిరించేవారు. గంటంతో గీరితే అక్షరం కనబడదు. దీపపు మసినో ఆకు పసరునో నూనెతో కలిపి రుద్ది తుడిచేస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఆకులకు బెజ్జం చేసి తాడు గుచ్చి పైనా కిందా చెక్క పెట్టి కడితే అది గ్రంథం. గ్రంథమన్న మాటకు మూలమే కట్టడం, ముడివేయడం. పత్రమంటే ఆకు, దాంట్లోంచే పత్రిక వచ్చింది.  ఇంటిమీద కప్పిందీ తాటాకే, ఇంట్లో చదివిందీ తాటాకే. చేలగట్ల మీద బారులుతీరిన తాటిచెట్లు ఒకనాడు ఇటు ఇళ్లకూ అటు గ్రంథాలయాలకూ కలప డిపో.

మా చిన్నప్పుడు తాతగారింట అటకమీద కవిలెకట్టలు ఉండేవి. ఊరి లెక్కలో పురాణమో మాకెవరికీ తెలియదు. దించి చూడమని ఆయన అనలేదు, మేమూ అడగలేదు. ఒక ఏడు అటక శుభ్రం చేయబోతే, చెక్కలు చెక్కల్లాగే ఉన్నాయి, వాటి మధ్య ఆకులు మాత్రం పిండయ్యాయి. చెదలు ఒక గ్రంథాన్ని మొదలు నుంచి చివరిదాకా చదివి ముగించాయి. ఆ ఇంట్లో అంత శ్రద్ధగా చదివినవి అవే.

గుహ తాటాకింటిని గుర్తుపెట్టుకున్నట్టే రాగిరేకు తాటాకు పుస్తకాన్ని గుర్తుపెట్టుకుంది. ఏలూరు పక్కనే పెదవేగి ఉంది కదా, ఒకనాటి వేంగి. అక్కడ దొరికిన శాలంకాయన నందివర్మ తామ్రశాసనం లాంటివి చూడండి. సన్నగా పొడుగ్గా ఆకుల్లాంటి రేకులు, బెజ్జం, ఆ బెజ్జంలోంచి తాడుకు బదులు కడియం. రాగిని ఏ ఆకారంలోనైనా సాగగొట్టవచ్చు. అయినా ఆకు ఆకారమే ఎందుకు? రాయడమంటే ఆకుమీదే అన్న అలవాటు. ఇవాళ ఫోను తెరమీద చదువుతూ కూడా వేలితో పేజీ తిప్పినట్టే తిప్పుతాం. అక్కడ తిరగడానికి పేజీ లేదు, గుహలో మోయడానికి బరువు లేనట్టే.

ఆ వేంగికి 639 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వచ్చాడు. ఆంధ్రదేశంలో ఇరవైకి పైగా సంఘారామాలున్నాయనీ, భిక్షువులు 3000 మంది దాకా ఉన్నారనీ రాసుకున్నాడు. రాజధానికి దగ్గర్లో అంతస్తులతో, చెక్కడపు పనితో అందమైన పెద్ద విహారం ఉందన్నాడు. దానికి నైరుతిగా ఒంటరి కొండ ఒకటి, దానిమీద స్తూపం. దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని రచించింది అక్కడేనని ఆయన విన్నాడు. ఆ కొండ ఏదన్నది పండితులు తేల్చుకోవలసిన మాట. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరాన ఉంది కాబట్టి దిక్కు కుదరదు. ఏ కొండయినా మన కొండే. భారతీయ తర్కశాస్త్రాన్ని మలుపు తిప్పిన మనిషి ఈ ఎర్రమట్టి నేలమీద కూర్చుని రాశాడన్న మాట మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

తెలిసినా చూపించడానికి ఆ గ్రంథం ఇక్కడ లేదు. దిఙ్నాగుడి తర్కగ్రంథం న్యాయముఖం చాలాకాలం లోకానికి అందింది చైనా అనువాదం ద్వారానే. ఆ అనువాదం చేసింది ఈ హ్యుయాన్‌త్సాంగే. ఆయన 645లో చైనా తిరిగి వెళ్లినప్పుడు 657 గ్రంథాలను 520 కట్టలుగా ఇరవై గుర్రాల మీద వేసుకుపోయాడు. అంతకుముందు మన అమరావతి దగ్గరి ధాన్యకటకంలో నెలల తరబడి ఆగి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. అప్పటికే అక్కడ ఎన్నో విహారాలు పాడుబడి ఉన్నాయి. పుట్టింట దీపం మలుగుతుంటే అత్తింటివాళ్లు వచ్చి వెలుగు పట్టుకుపోయినట్టయింది. పట్టుకుపోబట్టే మిగిలింది.

పట్టుకుపోయినవాళ్లు వాటికి ఇళ్లు కట్టారు. బర్మాలో పగాన్ నగరంలో పిటకాల కోసం ప్రత్యేకంగా కట్టిన పిటకతైక్ ఉంది. అనవ్రహత రాజు 1058లో కట్టించాడంటారు. థాయ్‌లాండులో పిటకాల గదిని చెరువు మధ్య కర్రస్తంభాల మీద నిలబెట్టేవారు. చీమలూ చెదలూ నీళ్లు దాటి రాలేవు గదా! ఈ ఉపాయం కొల్లేటి లంకలవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మన గ్రంథాలతో పనిలేనివాళ్లూ ఇళ్లు కట్టుకున్నారు: స్విట్జర్లాండులో సెయింట్ గాల్ మఠం పేరుతో తొమ్మిదో శతాబ్దం నాటి కట్టడపు నమూనా పటం ఒకటి మిగిలింది. అందులో కింద లేఖకులు రాసే గది, పైన పుస్తకాల గది. ఆ మఠం ఇప్పటి గ్రంథాలయం గుమ్మం మీద ఇది ఆత్మకు వైద్యశాల అన్న అర్థమొచ్చే గ్రీకు మాటలుంటాయి. నలందాలో రత్నసాగరం, రత్నోదధి, రత్నరంజకం అనే మూడు గ్రంథభవనాలుండేవని టిబెట్ వాళ్లు చెప్పుకున్నారు. చెక్క, రాయి, ఇటుక, ఎవరికి ఉన్నదానితో వాళ్లు కట్టారు. పుస్తకానికి శత్రువెవరో చూసి దాన్నిబట్టి ఇల్లు కట్టారు.

ఇల్లు కట్టినంతమాత్రాన చాలదని కూడా మన దక్కనువాళ్లకు తెలుసు. ఇప్పటి కలబురగి జిల్లాలోని నాగావిలో 1058 నాటి శాసనం ఒకటుంది. అక్కడి ఘటికాస్థానంలో, అంటే ఆనాటి విద్యాపీఠంలో, వేదం చెప్పేవాళ్లు ముగ్గురు, శాస్త్రాలు చెప్పేవాళ్లు ముగ్గురు. పుస్తకాలు చూసుకునే సరస్వతీ భాండారికులు మాత్రం ఆరుగురు. చెప్పేవాళ్లెందరో చూసేవాళ్లూ అందరే! పగాన్‌లో పిటకాల ఇల్లు లేచిందంటున్నదీ ఆ ఏడే.

మన జిల్లాల్లో విహారాలు పోయాయి గానీ ఆ బుద్ధి పూర్తిగా పోలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు గ్రంథాలయాలవాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి సంఘం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవలో పడవమీద పుస్తకాలు తిప్పారు. ధాన్యం బస్తాల పడవలు తిరిగే నీళ్లలో పుస్తకాల పడవ! రేవులో పడవ ఆగితే, దిగి నీళ్లు ముంచుకునేవాళ్లూ, బట్టలుతికేవాళ్లూ చేతులు తుడుచుకుని పుస్తకం అందుకోవడం ఊహించుకోండి. థాయ్‌లాండువాళ్లు చెదలు రాకుండా పుస్తకాన్ని నీళ్లలో పెట్టారు. మనవాళ్లు మనుషులకు చేరడానికి పెట్టారు.

ఇప్పటి మాటకొద్దాం. మన మండలాల్లో శాఖా గ్రంథాలయాలున్నాయి. పొద్దున్నే పేపరు కోసం వచ్చే రిటైరైన మాస్టార్లుంటారు. ఒకరు చదువుతుంటే కళ్లజోడు మర్చిపోయిన ఇంకొకరు వింటుంటారు. మధ్యాహ్నం గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలుంటారు. వాళ్లకు పుస్తకం కంటే ఫ్యాను ముఖ్యం, ఫ్యాను కంటే ఎవరూ పలకరించని మూల ముఖ్యం. బీరువాలకు తాళాలుంటాయి. కొన్నింటి తాళంచెవులు ఎక్కడున్నాయో అడగకూడదు. వానొస్తే ఏ బల్ల ఎటు జరపాలో వచ్చేవాళ్లందరికీ తెలుసు. కొత్త పుస్తకాలు ఎప్పుడొస్తాయో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ గ్రంథాలయాలకు దాతలం మనమే. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. రసీదు మీద ఆ గడి ఉంటుంది, మనం చూడం. వసూలైన ఆ పైసలు సకాలంలో గ్రంథాలయాలకు చేరడం లేదన్న మాట ఏళ్లుగా వింటున్నదే. ఎవరినో నిలదీయడానికి ఈ మాట ఎత్తడం లేదు. ఇది దానమన్న సంగతి ఇచ్చేవాడికే గుర్తులేకపోతే, పుచ్చుకునేవాడికి గుర్తుంటుందా? ఈసారి ఇంటిపన్ను కట్టినప్పుడు రసీదులో ఆ గడి చూసుకుందాం. చూశాక ఒకసారి ఆ గ్రంథాలయం గడప తొక్కుదాం. మనం కట్టించుకున్న మండపంలో మనమే కూర్చోకపోతే ఎలా?

చూళగోముడు జీవితమంతా ఎన్ని ఆకులు రాశాడో. రాజుగారి ఆజ్ఞలు, భూముల లెక్కలు, ఎవరికో ఏవో ఉత్తరాలు. వాటిలో ఒక్క ఆకు మన చేతికి రాలేదు. ఆయన్ని మనకు మిగిల్చినవి, నలుగురు కూర్చోవడానికి ఇచ్చిన చోటూ ఆ స్తంభాలూ మాత్రమే. ఆరోజు ఎండకు అలసిన ఆ బడిపిల్లలు కొండ దిగబోయే ముందు ఆ స్తంభాల దగ్గరే చతికిలబడి పులిహోర పొట్లాలు విప్పారు. పక్కరాతి మీద ఉన్నది ఏ అక్షరాలో వాళ్లకు తెలియదు. పదమూడో ఎక్కం పిల్ల మాత్రం, తింటూ తింటూనే, ఇందాక తప్పిన మెట్టు మళ్లీ అప్పజెబుతోంది.